సముద్రంలో "వృథా"గా కలుస్తున్న గోదావరి నీళ్ళు!

ఏటా ఆగస్టు వస్తే చాలు, పేపర్లలో ఒక హెడ్డింగు గ్యారంటీ. "ఇన్ని వందల టీఎంసీలు సముద్రం పాలు". టీవీ వాళ్ళైతే భద్రాచలం దగ్గర నిండుగా పోతున్న గోదావరిని చూపిస్తూ, కళ్ళముందే ఎవడో పర్సు కొట్టేసి పారిపోతున్నంత బాధగా చెప్తారు, "నీళ్ళన్నీ వృథాగా సముద్రంలో కలిసిపోతున్నాయి" అని. ఏ పార్టీ అయినా, ఏ రాష్ట్రమైనా ఈ ఒక్క విషయంలో మన నాయకులందరికీ ఏకాభిప్రాయం. 2025లో పోలవరం - బనకచర్ల గొడవ జరిగినప్పుడు చూశారుగా? ఆ మిగులు నీళ్ళు మాకంటే మాకని రెండు రాష్ట్రాలూ తిట్టుకున్నాయి. ఆ నీళ్ళు చేరాల్సిన సముద్రానికి కూడా ఒక వాటా ఉంటుందేమో అన్న మాట మాత్రం నేను చదివిన వార్తల్లో ఎక్కడా కనిపించలేదు.

నా పేచీ అంతా ఆ "వృథా" అనే మాటతోనే. ఒక ప్రాసెస్ ఏం చేస్తుందో తెలియకుండా, "సీపీయూ తింటోంది, చంపేయ్" అనేవాణ్ణి మనం ఏమంటాం? ప్రొడక్షన్ సర్వర్ దగ్గరికి రానిస్తామా? గోదావరి విషయంలో మనం సరిగ్గా అదే చేస్తున్నాం. అదీ నూట డెబ్భై ఏళ్ళ నుంచి, ఒక్క లాగ్ ఫైలు కూడా తెరిచి చూడకుండా.

ముందే ఒక మాట చెప్పేస్తా, లేకపోతే కింద వ్యాఖ్యల్లో "ఏసీ గదుల్లో కూర్చుని ప్రాజెక్టులు వద్దంటావా" అని మొదలుపెడతారు. మాది ఖానాపూర్. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. గోదావరి ఒడ్డు మాది. పైన శ్రీరాంసాగర్, పక్కన కడెం, మా పొలాలకు నిజాం కాలం నాటి సదర్మాట్ ఆనకట్ట. కాలువలో నీళ్ళు రాకపోతే మా దగ్గర నాట్లు పడవు. "నీళ్ళు, నిధులు, నియామకాలు" అన్న నినాదంలో మొదటి మాట నీళ్ళే అయినప్పుడు, ఆ మాట విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆనకట్టలు కూలగొట్టమని నేను అనట్లేదు. కట్టినప్పుడు ఎవరికి ఎంత లాభమో రాసుకున్న పుస్తకంలోనే, ఎవరికి ఎంత నష్టమో కూడా రాయమంటున్నా. నష్టం పేజీ ఖాళీగా పెట్టి, దానికి "వృథా" అని పేరు పెట్టొద్దంటున్నా. అంతే.

ఇంతకీ నది సముద్రానికి ఏం తీసుకెళ్తుంది?

నీళ్ళు ఒక్కటే అనుకుంటాం. నీళ్ళతో పాటు ఒండ్రు పోతుంది, నత్రజని, భాస్వరం, సిలికా పోతాయి. కంటికి కనపడని వృక్షప్లవకాలు వాటిని తిని పెరుగుతాయి. వాటిని జంతుప్లవకాలు తింటాయి, వాటిని కవళ్ళు, కానాగంతల్లాంటి చిన్న చేపలు, ఆ చిన్న చేపల్ని వంజరాలు, సొరలు. దీన్నే ఆహార వల అంటున్నాం. ఎక్కడో ఒక దారం తెంపితే అది ఎక్కడ తేలుతుందో చెప్పలేని వల. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని లెగసీ సిస్టం. ఒక మాడ్యూల్ తీసేస్తే వెంటనే ఏమీ కాదు. మూడేళ్ళ తర్వాత ఇంకెక్కడో పగులుతుంది. అప్పటికి మొదటి మార్పు చేసినవాడు వేరే కంపెనీలో ఉంటాడు.

దీనికి ప్రపంచంలో అందరూ చెప్పే ఉదాహరణ నైలు నది. 1960లలో ఈజిప్టు ఆస్వాన్ హై డ్యాం కట్టింది. 1964 నుంచి నైలు వరద ఆగిపోయింది. ఆ వరద వచ్చినప్పుడల్లా డెల్టా ముందు సముద్రం ఆకుపచ్చగా మారి, సార్డీన్ చేపలు గుంపులుగా వచ్చేవి. 1962లో సుమారు 18 వేల టన్నులున్న సార్డీన్ దిగుబడి ఆ దశాబ్దం చివరికి వెయ్యి టన్నుల లోపుకు పడిపోయింది. ఆ 18 వేల టన్నులు ఏ "వృథా" నీటి వల్ల వచ్చాయో ఈజిప్టు వాళ్ళకు నీళ్ళు ఆగాక తెలిసింది. నిజాయితీగా రెండో సగం కూడా చెప్పాలి. 1980ల తర్వాత అక్కడ చేపల దిగుబడి మళ్ళీ పెరిగింది. కారణం పొలాల్లో వేసిన ఎరువులు, కైరో, అలెగ్జాండ్రియా మురుగునీళ్ళు అని పరిశోధకుల అంచనా. అంటే నది ఉచితంగా ఇచ్చేదాన్ని ఎరువుల బస్తాలు, డ్రైనేజీ కలిసి వేరే దారిలో ఇచ్చాయి. ఇది చూసి "చూశావా, ఏం కాలేదు" అని సంబరపడేవాళ్ళూ ఉంటారు. ముందు ఏముందో, మధ్యలో ఏం పోయిందో, తర్వాత ఏం వచ్చిందో మూడూ లెక్క రాసి ఉన్నాయి కాబట్టే ఈ కథ ఇంత స్పష్టంగా చెప్పగలుగుతున్నాం. మన దగ్గర ఆ "ముందు" ఏది?

గోదావరి సంగతి చూద్దాం. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు, బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు గార్లు 2004లో లెక్కలు ప్రచురించారు. 1970లలో గోదావరి ఏటా సగటున సుమారు 145 మిలియన్ టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 1990లకు అది సుమారు 57 మిలియన్ టన్నులకు పడిపోయింది. మిగతాది ఎక్కడుంది? పైన మన రిజర్వాయర్ల అడుగున. డ్యాముల్లో పూడిక పేరుకుపోయిందని మనం ఏడుస్తాం, ఒండ్రు రాక ఒడ్డు కోసుకుపోతోందని డెల్టా వాళ్ళు ఏడుస్తారు. ఒకే మట్టికి రెండు ఏడుపులు. 1976 నుంచి 2001 మధ్యలో డెల్టా అంచున నికరంగా 18 వందల హెక్టార్లకు పైగా భూమి సముద్రంలో కలిసిపోయిందని కూడా వాళ్ళే తేల్చారు. అది "వృథా" పద్దులోకి రాదా? ఒక టీఎంసీ నీళ్ళు సముద్రంలోకి పోతే బ్రేకింగ్ న్యూస్, ఊళ్ళ కింద నేల సముద్రంలోకి పోతే జిల్లా ఎడిషన్ నాలుగో పేజీ!

ఇక పులస. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటారు గోదావరి జిల్లాల వాళ్ళు. మా టీములో ఉన్న ఒక కాకినాడ మిత్రుడు ఆ చేప గురించి మొదలుపెడితే డెయిలీ స్టాండప్ మీటింగు అరగంట సాగుతుంది. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస, వరద వాసన పట్టుకుని గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుకుంటూ వస్తే పులస. ఎక్కడిదాకా వస్తుంది? ధవళేశ్వరం దాకా. ఎందుకు అక్కడిదాకానే? 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు కాబట్టి. ఆ ఆనకట్ట కోట్ల మందికి అన్నం పెట్టింది, కాటన్ విగ్రహాలకు దండ వేయడంలో తప్పేమీ లేదు. కానీ 1852కి ముందు ఆ చేప ఎంత పైదాకా పోయేదో, ఎంత పడేదో ఈరోజు మామూలుగా ఎవరికైనా తెలుసా? "పులస అంటే ధవళేశ్వరం కింద దొరికేది" అన్నదే మనకు ప్రకృతి నియమంలా అయిపోయింది. ఆనకట్టను ఆ చేప స్వభావంలో భాగం చేసేశాం.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన బాధ కూడా కాదు. ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైన్యపు డాక్టరు, చేపల శాస్త్రవేత్త, 1873లోనే మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చాడు. నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు వలస చేపల దారి మూసేస్తున్నాయని, చేపలకు దారి వదలాలని అందులో వాదించాడు. నూట యాభై ఏళ్ళ నాటి బగ్ రిపోర్టు అది. స్టేటస్ ఏంటో మీరే చెప్పండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మనకు ఈ "ముందు" ఎందుకు తెలియదు?

1995లో డేనియల్ పౌలీ అనే చేపల శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసం రాశాడు. ప్రతి తరం తను కెరీర్ మొదలుపెట్టినప్పుడు చూసిన సముద్రాన్నే "మామూలు" అనుకుంటుంది, అక్కడి నుంచి ఎంత తగ్గిందో మాత్రమే లెక్కపెడుతుంది, తర్వాతి తరం ఆ తగ్గినదాన్నే మామూలు అనుకుని మళ్ళీ మొదలుపెడుతుంది అన్నాడు. దీనికి ఆయన పెట్టిన పేరు జారిపోయే బేస్‌లైన్. ఏటా అప్రైజల్లో గోల్ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ, ప్రతిసారీ "గోల్ అందుకున్నాం" అని రేటింగు వేసుకోవడం లాంటిది. ముప్ఫై ఏళ్ళ తర్వాత చూస్తే కంపెనీలో ఏమీ మిగలదు, రేటింగులు మాత్రం అన్నీ అద్భుతం.

ఇది ఊహ కాదు, కొలిచారు కూడా. మెక్సికో కాలిఫోర్నియా సింధుశాఖలో మూడు తరాల జాలర్లను అడిగారు, 2005లో అచ్చైంది. ఒకప్పుడు బాగా ఉండి ఇప్పుడు తగ్గిపోయిన చేపల పేర్లు చెప్పమంటే, కుర్రాళ్ళకంటే ముసలివాళ్ళు ఐదు రెట్లు ఎక్కువ పేర్లు చెప్పారు. ఒకే సముద్రం, ఒకే వృత్తి, ఒకే ఊళ్ళు. కుర్రాళ్ళకు పోయిందన్న సంగతే తెలియదు. ఇంకొకటి ఫ్లోరిడాలో. సరదాగా చేపలు పట్టే టూరిస్టులు రేవులో తమ చేపల పక్కన నిలబడి దిగిన ఫొటోలను లోరెన్ మెక్‌క్లెనకన్ అనే పరిశోధకురాలు పోగేసి, చేపల సైజు కొలిచింది. 1956లో సగటున దాదాపు 20 కిలోలున్న చేప 2007కి 2.3 కిలోలైంది. ఫొటోల్లో మనుషుల ముఖాల మీద నవ్వు మాత్రం ఏమీ తగ్గలేదు. నాకు ఆ ఫొటోల్ని చూస్తే భయమేసింది. పోగొట్టుకున్నవాడికి బాధ లేకపోవడం కంటే పెద్ద నష్టం ఏముంటుంది?

మన సముద్రానికి లెక్కలు లేవా అంటే ఉన్నాయి. సెంట్రల్ మెరైన్ ఫిషరీస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1947లో మొదలైంది. రేవు రేవుకీ తిరిగి, శాంపిల్ తీసి, దేశమంతటి దిగుబడి అంచనా వేసే పద్ధతిని వాళ్ళు దశాబ్దాలుగా నడుపుతున్నారు. నిజంగా గొప్ప పని. ఐక్యరాజ్యసమితి వాళ్ళ చేపల గణాంకాలు కూడా 1950 నుంచే. ఇక్కడే ఉంది కిటుకు. మన గ్రాఫులన్నీ 1950లో మొదలవుతాయి కాబట్టి, సముద్రం కూడా 1950లోనే ఇన్‌స్టాల్ అయ్యిందన్నట్టు మాట్లాడతాం. అప్పటికే ధవళేశ్వరం ఆనకట్టకు వందేళ్ళు నిండబోతున్నాయి!

మరి 1950కి ముందుది ఎలా తెలుస్తుంది? అసాధ్యం అనుకుంటే పొరపాటు. సముద్రం లాగులు రాస్తూనే ఉంది, మనమే చదవట్లేదు.

ఒకటి, పాత పుస్తకాలు. రక్తపింజరికి ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అని పేరు తెలుసు కదా? ఆ రసెల్, ప్యాట్రిక్ రసెల్, 1780లలో మన విశాఖపట్నంలో ఉన్నాడు. అక్కడ వలల్లో పడిన చేపలను బొమ్మలు వేయించి, వర్ణించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం వేశాడు. 200 చేపలు. గొప్ప విషయం ఏంటంటే, ఆయన వాటికి లాటిన్ పేర్ల కోసం వెతుక్కోకుండా మన జాలర్లు ఏమని పిలిచేవారో ఆ తెలుగు పేర్లే రాసుకున్నాడు. తర్వాత పారిస్‌లో కూర్చున్న కువియే లాంటి మహామహులు ఆ పేర్లనే శాస్త్రీయ నామాల్లోకి ఎక్కించారు. కేరళ నుంచి ఇండోనేషియా దాకా దొరికే కానాగంత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ "కనగుర్త" విశాఖ జాలరి నోటి మాట. తోలు పార అనే చేప స్కాంబెరాయిడిస్ తోల్. ప్రపంచంలో ఏ మెరైన్ బయాలజీ ల్యాబుకెళ్ళినా ఈ తెలుగు మాటలు పలకాల్సిందే. మనలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? తెలుగు పేరున్న డ్రాగన్ ఫ్లయిట్ కంట్రోలర్ ఇంజనీరు అమెరికాలో ఉంటే వారం రోజులు ఫార్వార్డులు చేసుకుంటాం గానీ, రెండు వందల ఏళ్ళ నుంచి ప్రపంచమంతా పలుకుతున్న తెలుగు మాట మీద ఒక్క ఫార్వార్డు లేదు.

సరే, గర్వం పక్కన పెడదాం, పని సంగతి చూద్దాం. ఆ 200 చేపల జాబితా అంటే 1780ల నాటి విశాఖ తీరానికి ఒక స్నాప్‌షాట్. ఇప్పుడు అదే రేవులో ఏవి దొరుకుతున్నాయి, ఏవి దొరకట్లేదు, ఏ పేర్లు జాలర్ల నోట ఇంకా ఉన్నాయి, ఏ పేర్లు పోయాయి అని ఒక డిఫ్ తీయొచ్చు. దానికి శాటిలైట్లు అక్కర్లేదు. పుస్తకం, నోటుబుక్కు, తెల్లారి నాలుగింటికి ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళే ఓపిక చాలు.

రెండు, సముద్రం అడుగున బురద. ఇది చదివినప్పుడు నాకు మతిపోయింది. 2006లో మన దేశపు గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కోసం ఒక ఓడ గోదావరి డెల్టా ఎదురుగా బంగాళాఖాతం అడుగున డ్రిల్లింగు చేసి, పొడవాటి బురద కోర్లు తీసింది. ఇంధనం కోసం తీసిన ఆ బురదలో ఒకదాన్ని లివియు జోసాన్ బృందం చదివింది, 2017లో ప్రచురించింది. గత పదివేల ఏళ్ళకు పైగా గోదావరి పరీవాహకంలో ఏం జరిగిందో పొరలు పొరలుగా అందులో ఉంది. గత కొన్ని వేల ఏళ్ళలో వానలు తగ్గి, నేల మీద పచ్చదనం పల్చబడి, మట్టి కోత పెరిగింది. దక్కన్ మీద నవీన శిలాయుగపు రైతులు, తర్వాత ఇనుప యుగపు రైతులు సేద్యం పెంచేసరికి అది ఇంకా ఎక్కువైంది. అంటే మన పూర్వీకులు నాగలి పట్టి దున్నిన మట్టి బంగాళాఖాతం అడుగున రికార్డయ్యి ఉంది. దక్కన్ నల్లరేగడి మట్టిని, తూర్పు కొండల మట్టిని వేరు చేసి చెప్పగలుగుతున్నారు కూడా.

"మాకూ సముద్రానికీ ఏం సంబంధం, మేం ఎక్కడో ఆదిలాబాద్ అడవుల్లో ఉన్నాం" అనే మా వైపు మిత్రులకు ఇదే నా జవాబు. మన ఊరి చరిత్ర మన దగ్గర లేదు. రాతకోతలు ఉన్న కాలం కొద్ది, శాసనాలు కొన్ని. కానీ నాలుగు వేల ఏళ్ళ మన నేల కథ సముద్రం భద్రంగా దాచిపెట్టింది. బ్యాకప్ అక్కడుంది బాబూ!

మూడు, చేపల పొలుసులు. అమెరికాలో శాంటా బార్బరా తీరం దగ్గర సముద్రపు అడుగున ఆక్సిజన్ దాదాపు లేని చోట, ఏ ఏటి పొర ఆ ఏటికి చెక్కుచెదరకుండా ఉంది. ఆ పొరల్లో రాలిన సార్డీన్, ఆంకోవీ పొలుసులు లెక్కపెట్టి, దాదాపు 1,700 ఏళ్ళ పాటు ఏ చేప ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో గీశారు. పెద్ద పెద్ద మర పడవలు లేని కాలంలో కూడా సార్డీన్లు పలుమార్లు కుప్పకూలి, మళ్ళీ లేచాయని తేలింది.

నాలుగు, ఎముకలు, పాత మ్యూజియం నమూనాలు. ఆహార వలలో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ శరీరంలో బరువైన నత్రజని పాలు పెరుగుతుంది, మెట్టుకు సుమారు వెయ్యికి మూడు పైచిలుకు చొప్పున. అంటే నూట యాభై ఏళ్ళ కింద సీసాలో పెట్టిన చేప అప్పట్లో వలలో ఏ మెట్టు మీద ఉందో, అదే జాతి చేప ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో పోల్చవచ్చు. డే సేకరించిన నమూనాలు కలకత్తా, లండన్, లైడెన్, సిడ్నీ మ్యూజియంలలో ఉన్నాయి.

ఇప్పుడు ఎదురు వాదనలు. నాకు తెలిసినవి మూడు.

"అదంతా ముసలివాళ్ళ నాస్టాల్జియా, ఎప్పుడూ పాతకాలమే బంగారం అంటారు." నిజమే, మనుషుల జ్ఞాపకాలు అతిశయోక్తులతో ఉంటాయి. అందుకే కదా బురద, పొలుసులు, నమూనాలు కావాలంటున్నది? ఒక సాక్షి మీద నమ్మకం లేకపోతే ఇంకో నలుగురు సాక్షుల్ని పిలుస్తాం. కేసే కొట్టేయం.

"ప్రకృతి ఎప్పుడూ మారుతూనే ఉంటుంది, మనుషుల తప్పేం లేదు." శాంటా బార్బరా పొలుసులు చూపించి మరీ అంటారు. సరే, ఒప్పుకుందాం. మన దగ్గరే మలబారు తీరపు నూనె కవళ్ళు ఒక దశాబ్దం విరగబడి, ఇంకో దశాబ్దం మాయమవడం బ్రిటిష్ కాలం నుంచీ రికార్డుల్లో ఉంది. కానీ సహజంగా ఊగే ఊగిసలాట ఎంత, మనం నెట్టినది ఎంత అని తేల్చాలంటే ఏం కావాలి? పొడవాటి చరిత్రే కావాలి. ఐదేళ్ళ డేటాతో ఆ రెండింటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఈ వాదన చరిత్ర వద్దనడానికి పనికిరాదు, ఇంకా గట్టిగా కావాలనడానికే పనికొస్తుంది.

"చేపల ఉత్పత్తి ఏటా రికార్డు, ఆంధ్ర దేశంలోనే నంబర్ వన్, ఇంకేం కావాలి?" ఇది అన్నింటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అంకె నిజమే. కానీ ఆ అంకెలో అధిక భాగం చెరువుల్లో పెంచిన చేపలు, రొయ్యలు. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక ఆ గ్రాఫు ఇంకా నిటారుగా లేచింది. ఆ చెరువుల మేతలో చేపపిండి ఉంటుంది, మర పడవల వలల్లో పడే చిన్నాచితకా చేపలు చాలావరకు పోయేది చేపపిండి ఫ్యాక్టరీలకే. రెండు సర్వర్ల ట్రాఫిక్ కలిపి ఒకే గ్రాఫు గీసి, అందులో ఒకటి డౌన్ అయినా "మొత్తం పెరిగింది" అని చూపించే డ్యాష్‌బోర్డు ఎంత మోసమో ఇదీ అంతే. సముద్రపు దిగుబడిలో పై మెట్టు పెద్ద చేపల వాటా తగ్గి, కింది మెట్ల చిన్న చేపల వాటా పెరుగుతోందని పౌలీతో కలిసి బ్రజ్‌గీత్ భథాల్ 2008లో మన దేశపు 1950 - 2000 లెక్కలతో చూపించారు. మన ఆగ్నేయ తీరం మీద సీఎంఎఫ్ఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2005లో దాదాపు ఇదే అన్నారు. ఈ సగటు మెట్టు అనే కొలత మీద శాస్త్రవేత్తల మధ్య తగాదా ఉంది, వలలో పడినవాటి సగటు చూసి సముద్రంలో ఉన్నవాటి సగటు చెప్పలేమని 2010లో ట్రెవర్ బ్రాంచ్ బృందం గట్టిగానే వాదించింది. మంచిదే. ఆ తగాదా తీరాలన్నా 1950కి ముందు ఏముందో తెలియాలి. ఎటు తిప్పినా అక్కడికే వస్తాం.

ఇదంతా ఏదో మేధావుల కాలక్షేపం అనుకునేవాళ్ళ కోసం ఒక్క ఉదాహరణ. ఏ పెద్ద ప్రాజెక్టుకైనా పర్యావరణ ప్రభావ అంచనా చేయాలి కదా? 2006 నోటిఫికేషన్ పద్ధతిలో చాలా రకాల ప్రాజెక్టులకు బేస్‌లైన్ డేటా ఒకే ఒక్క సీజన్‌ది సరిపోతుంది. అదీ వానాకాలం కాని సీజన్. ఒక్కసారి ఆలోచించండి. గోదావరి ముఖద్వారంలో ఏడాది మొత్తం జరిగే కథ జూన్ నుంచి అక్టోబరు దాకా నడిచేది. వరద అప్పుడే, ఒండ్రు అప్పుడే, పులస అప్పుడే. ఆ నెలలు వదిలేసి, ఎండాకాలంలో మూడు నెలలు కొలిచి, దానికి "బేస్‌లైన్" అని పేరు పెడతారు. దీపావళి సేల్ ఉన్న వారాన్ని వదిలేసి లోడ్ టెస్ట్ చేసినవాణ్ణి మీ మేనేజరు ఏం చేస్తాడో అది చేయాలి వీళ్ళని.

బేస్‌లైన్ తక్కువ పెడితే ఏమవుతుందో మా పక్కనే చూశాం. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు తట్టుకోగలిగే దానికంటే చాలా ఎక్కువ వరద వచ్చింది. కింద ఊళ్ళ వాళ్ళు రాత్రికి రాత్రి ఇళ్ళు వదిలిపెట్టాల్సి వచ్చింది. అదృష్టం బాగుండి కట్ట నిలబడింది. "ఇంత వరద ఎప్పుడూ రాలేదు" అన్నారందరూ. ఎప్పుడూ అంటే ఎప్పటినుంచి? గేజీ పెట్టినప్పటినుంచి. నది వయసుకు అది చివరి రెండు నిమిషాలు.

ఇక బిల్లు ఎవరు కడుతున్నారో చూడండి. సముద్రంలో చేప తగ్గిందనగానే అందరి వేలూ జాలరి మీదికే పోతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు పిల్లలు పెట్టే కాలంలో వేట ఆపడం మంచిదే, నేను కాదనను. మర పడవలు, సన్న కన్ను వలలు చేసిన నష్టమూ తక్కువేం కాదు. కానీ పైన ఒండ్రు ఆపినవాళ్ళకు, వరద ఆపినవాళ్ళకు, ముఖద్వారాల్లోకి ఫ్యాక్టరీ నీళ్ళు వదిలినవాళ్ళకు ఏడాదిలో ఎన్ని రోజుల నిషేధం ఉంది? చరిత్ర రాసి ఉంటే నష్టంలో ఎవరి వాటా ఎంతో తేలుతుంది. రాయకపోతే చివరగా వల పట్టుకుని కనిపించినవాడే దోషి. చివరి కమిట్ ఎవరిదైతే బగ్ వాడిదే అన్నట్టు.

అన్నట్టు, చరిత్ర తెలిస్తే మళ్ళీ 1780కో, 1852కో తిరిగి పోవాలని నేను అనట్లేదు. గోదావరి బురదే చెప్తోంది కదా, మనుషుల చెయ్యి పడని "అసలు" గోదావరి ఎప్పుడో నాలుగైదు వేల ఏళ్ళ కిందటే అయిపోయింది. డెల్టాలో కొంత భాగం మన రైతులు దున్నిన మట్టితోనే పెరిగింది. రోల్‌బ్యాక్ చేయడానికి పాత వెర్షన్ ఏదీ లేదు. కానీ ఈ వ్యవస్థ ఎంత దాకా సాగుతుంది, ఎక్కడ తెగుతుంది, ఏది పోతే తిరిగి వస్తుంది, ఏది రాదు, ఇవి తెలియాలి. అది తెలిశాక కూడా "సరే, పులస పోయినా పర్లేదు, మాకు మూడో పంట కావాలి" అని ఈ సమాజం నిర్ణయించుకుంటే అదొక నిర్ణయం. ఇప్పుడు చేస్తున్నది నిర్ణయం కూడా కాదు, కళ్ళకు గంతలు.

మరి మనం ఏం చేయగలం? "ప్రభుత్వం చేయాలి" అని చేతులు దులుపుకోవడం తేలిక. నాకు తోచినవి కొన్ని.

1. రసెల్, డే లాంటివాళ్ళ పాత పుస్తకాల స్కాన్లు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో దొరుకుతాయి. వాటిలో తెలుగు పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఇరుక్కుని ఉన్నాయి. ఆ పేర్లను విడదీసి, ఇప్పటి జాలర్ల పేర్లతో, శాస్త్రీయ నామాలతో జోడించి ఒక పట్టిక చేస్తే, అది మనలాంటివాళ్ళు నలుగురు ఆర్నెల్ల వారాంతాల్లో చేయగల పని. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒకే చేపకు నాలుగు పేర్లుంటాయి. ఆ తేడాలు కూడా డేటానే.

2. సీఎంఎఫ్ఆర్‌ఐ వాళ్ళు తమ వ్యాసాలు, నివేదికలు ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టారు, దానికి దండం. అందులో పాత పట్టికలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. వాటిని కంప్యూటర్ చదవగలిగే రూపంలోకి మార్చడం మన రోజువారీ పని. క్లయింట్ల ఇన్వాయిసులకు చేసే పనే, ఒకసారి మన సముద్రానికి చేద్దాం.

3. డెల్టా ఊళ్ళల్లో మీ తాతలుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఏ చేప, ఏ నెల, ఏ లోతు, ఏ వల, ఎంత బరువు. "ఆ రోజులే వేరు" దగ్గర ఆగకుండా అంకెలు అడగండి. మా వైపు వాళ్ళు గోదావరి బెస్తవాళ్ళను అడగండి. ఇప్పుడు ప్రభుత్వం చెరువుల్లో వదిలేది బొచ్చె, రవ్వ, మోసు పిల్లలే. అవి కాక ఒకప్పుడు నదిలో ఏమేం పడేవో మా బాపు తరానికి కొంత గుర్తుంది, నా తరానికి పేర్లు కూడా రావు. ఇంకో ఇరవై ఏళ్ళకు అడగడానికి మనిషి ఉండడు.

4. పర్యావరణ బహిరంగ విచారణలు జరిగినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగండి. "మీ బేస్‌లైన్ ఏ ఏడాది, ఏ నెలలది?" సమాధానం చెప్పలేక తడబడితే మీకు అర్థమైపోతుంది.

ఇక అయిదోది, అన్నింటికంటే చవకైనది. ఈసారి ఎవరైనా "నీళ్ళన్నీ వృథాగా సముద్రంలో కలుస్తున్నాయి" అంటే, ఊరికే తలూపకండి. ఎంత వృథా, ఎవరికి వృథా, లెక్క ఏదీ అని అడగండి. మా ఖానాపూర్ పొలానికి పారిన నీళ్ళకు టీఎంసీల్లో లెక్క ఉంది, ఎకరాల్లో లెక్క ఉంది, క్వింటాళ్ళలో లెక్క ఉంది. మాకు రాసినట్టే సముద్రానికీ ఒక ఖాతా తెరిచి, అందులో నూట డెబ్భై ఏళ్ళ పాత బాకీలు కూడా ఎక్కించండి. ఆ తర్వాత తూకం వేసి మాకే ఎక్కువ నీళ్ళు రావాలని తేలితే, ఆ కాలువ నీళ్ళు తాగడానికి మాకేం మొహమాటం ఉండదు.

మీ అభిప్రాయం వ్యాఖ్యల్లో రాయండి. తిట్టేవాళ్ళు కూడా బేస్‌లైన్ సంవత్సరం రాసి తిట్టండి :)